శిశువిద్యలో పట్టము: ఇంటినుండి చదువు, గ్రామమునకు ఫలము

నిజామాబాదునుండి ఆర్మూరు మీదుగా మెట్‌పల్లి, జగిత్యాలల వైపు పోవు జాతీయ రహదారిమీద మోర్తాడు గ్రామము కలదు. అది మండల కేంద్రము. పసుపునకును, మొక్కజొన్నకును, ఎర్రజొన్నకును పేరొందిన నేల. 2017లో నిజామాబాదు–పెద్దపల్లి రైలుమార్గము పూర్తియై ఈ ఊరిమీదుగా రైలు కూడ నడచుచున్నది. ఈ చుట్టుపట్ల గ్రామములనుండి గల్ఫు దేశములకు పనికై పోయిన పురుషులు అనేకులు. ఇంటిపట్టున బీడీలు చుట్టుచు సంసారమును నెట్టుకొని వచ్చు స్త్రీలును అనేకులు. తెల్లవారి ఇంటిపని ముగియగనే తల్లి చాట ముందు పెట్టుకొని బీడీల పనికి కూర్చుండును. లేదా పసుపు చేనికి పోవును. ఆ వేళకు ఇంటిలో ఉన్న మూడేండ్ల బిడ్డ ఎక్కడికి పోవలెను?

కొందరు తల్లిదండ్రులు అప్పుచేసియైనను బిడ్డను బస్సెక్కించి పట్టణపు నర్సరీకి పంపుదురు. తక్కినవారి బిడ్డలకు ఊరి అంగన్‌వాడియే తొలి బడి. పంచాయతీ సమావేశములలో ఆ కేంద్రమును గురించిన ప్రస్తావన అప్పుడప్పుడు వచ్చుచునే యుండును. కప్పు కురియుచున్నదనియు, నీళ్ల కొళాయి లేదనియు, ప్రహరీగోడ కావలెననియు చర్చింతుము. ఇవి అవసరములే. కాని ఆ గదిలో కూర్చుండి పాతికమంది పసివాండ్రకు మాట నేర్పు ఉపాధ్యాయిని ఏమి చదివినది? ఇంకను చదువగోరుచున్నదా? చదువగోరిన యెడల మనము ఏమి చేయవలెను? ఈ ప్రశ్నలు మాత్రము మన సభలలో అరుదుగా వినవచ్చును.

నేడు ఇల్లు విడువకుండ, ఉద్యోగము మానకుండ ఇంటర్నెట్టు, అనగా అంతర్జాలము, ద్వారా పట్టము పొందు అవకాశము గ్రామములకును వచ్చినది. శిశువిద్యలో అట్టి చదువు ఎట్లుండును, దానికి ఎంత కాలము పట్టును, ఎక్కడ మోసపోవు ప్రమాదమున్నది, పంచాయతీ సభ్యులు ఏ విధముగా తోడ్పడవచ్చును అను సంగతులను ఇచ్చట వివరింపదలచినాము.

ఆరేండ్లలోపలి పునాది

2020నాటి జాతీయ విద్యావిధానము ఒక ముఖ్య విషయమును మొదటనే చెప్పుచున్నది. శిశువు మెదడు యొక్క వికాసములో 85 శాతమునకు పైగా ఆరేండ్ల వయస్సు నిండకమునుపే జరుగునట. ఒకటవ తరగతిలో పలక పట్టునాటికే మాట నేర్చు శక్తి, వ్రేళ్లతో వస్తువులను పట్టు నేర్పు, తోటివారితో కలసి మెలగుట, కొంతసేపు ఒక పనిమీద మనస్సు నిలుపుట అను గుణములకు పునాది పడి యుండును. ఈ కారణము చేతనే ఆ విధానము మూడేండ్లనుండి ఆరేండ్ల వరకు గల కాలమును 1, 2 తరగతులతో చేర్చి, ఐదేండ్ల పునాది దశగా నిర్ణయించినది. దాని ననుసరించి 2022 అక్టోబరు 20వ తేదీన ఆ దశకు జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము వెలువడినది. 2024లో మూడేండ్లలోపు పిల్లలకు ‘నవచేతన’ అనియు, మూడునుండి ఆరేండ్ల పిల్లలకు ‘ఆధారశిల’ అనియు రెండు ప్రణాళికలు అంగన్‌వాడీల కొరకై విడుదలయినవి.

ఇతర దేశముల అనుభవము కూడ ఇట్టిదే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున, ఇప్సిలాంటి అను పట్టణములో 1962లో ఒక పరీక్ష ప్రారంభమైనది. పేద కుటుంబములకు చెందిన 123 మంది పిల్లలను తీసికొని, వారిలో 58 మందికి పట్టభద్రులైన ఉపాధ్యాయినుల చేత పూర్వప్రాథమిక విద్య చెప్పించిరి. ఆ ఉపాధ్యాయినులు వారమున కొకసారి పిల్లల ఇండ్లకు పోయి తల్లులతో కూడ ముచ్చటించుచుండిరి. ఆ పిల్లలను నలువది యేండ్ల వయస్సు వచ్చువరకు పరిశీలింపగా, ఆ చదువు దొరకినవారు దొరకనివారికంటె ఎక్కువమంది ఉన్నతపాఠశాల పూర్తిచేసిరనియు, ఎక్కువ సంపాదించుచుండిరనియు, నేరములలో తక్కువగా చిక్కుకొనిరనియు తేలినది. మూడేండ్ల బిడ్డకు చెప్పిన ఆట, పాట, మాట అతని నడివయస్సు దాక వెంటవచ్చునని దీనివలన తెలియుచున్నది.

బాలవాడినుండి అంగన్‌వాడి దాక

శిశువిద్య మన దేశమునకు క్రొత్త కాదు. గుజరాతులోని భావనగరమున గిజుభాయి బధేకా 1920లో బాలమందిరము స్థాపించెను. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారునకు వచ్చి, భారతీయ ఉపాధ్యాయులకు స్వయముగా శిక్షణ నిచ్చెను. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డీ గ్రామమున బాలవాడిని నెలకొల్పెను. పిల్లలు బడికి రాకున్న బడియే పిల్లల వాకిటికి పోవలెనని ఆమెయు, ఆమె సహచరి అనుతాయి వాఘ్‌యు వాడల ముంగిళ్లలో పిల్లలను చేరదీసి నేర్పిరి. అంగనమనగా ముంగిలి; ముంగిటి బడియే అంగన్‌వాడి.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన పిదప మన గ్రామములలో బాలవాడులు వెలసినవి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. తరువాత 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము దేశమున 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకముగా ఆరంభింపబడినది. పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆసుపత్రికి పంపుట, తల్లులకు ఆరోగ్యబోధ, పూర్వప్రాథమిక విద్య అను ఆరు సేవలు ఆ పథకమునందు కలవు.

ఈ ఆరింటిలో కంటికి కనబడునవి ముందు జరుగును, కనబడనిది వెనుకబడును. గ్రుడ్డు లేకున్న తల్లి అడుగును. బరువు తూచకున్న పర్యవేక్షకురాలు అడుగును. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చిన పిదప సెల్‌ఫోనులో వివరములు ఎక్కింపకున్న పై కార్యాలయము అడుగును. కాని పిల్లలకు నేడు కథ చెప్పితివా, పాట పాడించితివా అని అడుగువారు లేరు. ఈ కారణముచేత ఆరవ సేవయైన విద్యయే తరచుగా మిగిలిపోవుచున్నది. ఉపాధ్యాయినికి ఆ విద్యలో గట్టి శిక్షణ ఉన్నయెడల, అడుగువారు లేకున్నను చెప్పవలెనను పట్టుదల కలుగును. ఎట్లు చెప్పవలెనో తెలియును.

జాతీయ విద్యావిధానము ఇందుకు ఒక మార్గము చూపినది. ఇంటర్మీడియెటు గాని, ఆపై చదువు గాని చదివిన అంగన్‌వాడి ఉపాధ్యాయినులకు ఆరు నెలల ధ్రువపత్ర శిక్షణయు, అంతకు తక్కువ చదివినవారికి ఒక సంవత్సరపు డిప్లొమా శిక్షణయు ఇవ్వవలెననియు, ఆ శిక్షణ దూరదర్శన ప్రసారముల ద్వారా, స్మార్టుఫోనుల ద్వారా ఇయ్యవచ్చుననియు, వారి నిత్యకృత్యమునకు భంగము కలుగరాదనియు చెప్పినది. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము ‘పోషణ్ భీ పఢాయీ భీ’, అనగా పోషణతోపాటు చదువు కూడ, అను పేరుతో అంగన్‌వాడి ఉపాధ్యాయినుల శిక్షణ కార్యక్రమమును ఆరంభించినది. ఇది మొదటి మెట్టు. పట్టము దానికి పై మెట్టు.

ఇంటినుండి చదువు అనగా నేమి?

మన తెలుగువారికి ఈ విధమైన చదువు పరిచితమే. దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే వెలసినది. నేడది డాక్టరు బి. ఆర్. అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర ప్రసిద్ధి కెక్కినది. పొలము పనిచేయుచు, దుకాణము నడుపుచు, బిడ్డలను పెంచుచు అందులో చదివి పట్టభద్రులైనవారు మన ప్రతి మండలమునందును కనబడుదురు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఢిల్లీలో స్థాపింపబడినది. ఇంటర్మీడియెటు ఉత్తీర్ణులైనవారికి శిశుసంరక్షణ, శిశువిద్యలలో ఒక డిప్లొమాను ఆ విశ్వవిద్యాలయము చిరకాలముగా నడుపుచున్నది.

దూరవిద్యకును, అంతర్జాల విద్యకును భేదము తెలిసికొనవలెను. దూరవిద్యలో పాఠ్యపుస్తకములు ఇంటికి వచ్చును. సెలవు దినములలో అధ్యయన కేంద్రమున తరగతులు జరుగును. పరీక్షలు కేంద్రములో వ్రాయవలెను. అంతర్జాల విద్యలో నాలుగు అంగములుండును. దృశ్యరూపమైన పాఠము, చదువుకొనుటకు వ్రాతపాఠము, తోటి విద్యార్థులతోను అధ్యాపకులతోను చర్చించు వేదిక, నేర్చినదానిని పరీక్షించుకొను ప్రశ్నలు అనునవి. రాత్రి పదిగంటలకు బిడ్డను నిద్రపుచ్చిన పిదప కూడ పాఠము వినవచ్చును. అర్థముకాని చోట మరల వినవచ్చును. 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘స్వయం’ వేదికలో ఇట్టి పాఠములు రుసుము లేకయే వినవచ్చును. పరీక్ష వ్రాసి ధ్రువపత్రము కోరువారు మాత్రమే రుసుము చెల్లించవలెను. పెద్ద చదువునకు డబ్బు కట్టకమునుపు ఇందులో ఒక పాఠ్యక్రమము విని, తనకు ఈ విధమైన చదువు సరిపడునో లేదో ఎవరైనను పరీక్షించుకొనవచ్చును.

అమెరికాలో పేదపిల్లల కొరకు 1965లో ఆరంభమైన ‘హెడ్ స్టార్టు’ కేంద్రములలోని ఉపాధ్యాయులలో సగముమందికైనను 2013నాటికి డిగ్రీ ఉండవలెనని 2007లో అచ్చటి శాసనము నిర్దేశించెను. పిల్లలను వదలి కళాశాలకు పోవుట పనిలోనున్నవారికి కష్టము. కావున ఇంటినుండి చదివి పట్టము పొందు పద్ధతి అట్టివారికి ఎంతయు అనువైనది. అచ్చటి విశ్వవిద్యాలయములు అనేకము శిశువిద్యలో స్నాతకోత్తర పట్టమును కూడ అంతర్జాలము ద్వారా ఇచ్చుచున్నవి. మన విశ్వవిద్యాలయములలో ఎడ్యుకేషన్, గృహవిజ్ఞానము వంటి విషయములలో చదువుచు శిశువికాసమును అభ్యసించు మార్గము కలదు.

లెక్క చూచుకొని అడుగు వేయవలెను

ఇంటినుండి చదువనగా తేలిక చదువని కొందరు భ్రమపడుదురు. ఇది సరికాదు. చదువును ‘క్రెడిట్లు’ అను కొలతతో లెక్కింతురు. ఒక క్రెడిటునకు ముప్పది గంటల శ్రమ. పైన చెప్పిన శిశువిద్యా డిప్లొమా 32 క్రెడిట్లు, అనగా 960 గంటలు. సంవత్సరములో పూర్తిచేయదలచిన యెడల దినమునకు రెండున్నర గంటలకు పైగా చదువవలెను. గడువు అంతకు మించి ఇత్తురు గనుక, రెండేండ్లకు పంచుకొన్నయెడల దినమునకు గంటా ఇరువది నిమిషములు చాలును. రెండేండ్ల స్నాతకోత్తర పట్టము 80 క్రెడిట్లు. అనగా 2,400 గంటలు. పండుగలు, పెండ్లిండ్లు, జ్వరములు ఏవియు మినహాయింపకుండ లెక్కించినను దినమునకు మూడు గంటల పదిహేడు నిమిషములు.

ఇప్పుడు ఒక అంగన్‌వాడి ఉపాధ్యాయినిని ఊహింతము. ఉదయము కేంద్రము తెరచును. పిల్లలకు, గర్భిణులకు, బాలెంతలకు భోజనము పెట్టించును. మధ్యాహ్నము ఇండ్లు తిరుగును. సాయంకాలము ఫోనులో వివరము లెక్కించును. ఇంటికి పోయి వంట చేయును. ఆమెకు ఆ మూడు గంటలు ఎచ్చటనుండి వచ్చును? ఇంటివారు పనిలో పాలుపంచుకొననియెడల, ఊరివారు ఆమె తీరికను గౌరవింపనియెడల, ఎంత తెలివిగల స్త్రీయైనను రెండవ సెమిస్టరు నాటికి చదువు మానివేయును. కట్టిన రుసుము నష్టమగును. చదువలేకపోతినను నిరాశ మిగులును. కావున మొదట డిప్లొమా, పిదప డిగ్రీ, ఆ తరువాత స్నాతకోత్తర పట్టము అని మెట్లు మెట్లుగా పోవుట మేలు.

డబ్బు కట్టుటకు ముందు

గ్రామస్థులు ఎక్కువగా మోసపోవునది ఈ ఘట్టముననే. పట్టణమున ఒక గది అద్దెకు తీసికొని, గోడమీద ఏదో విశ్వవిద్యాలయము పేరు వ్రాసి, పరీక్షలేకయే పట్టము ఇప్పింతుమని చెప్పు మధ్యవర్తులు ఉండవచ్చును. వారి మాట వినుటకు ముందు ఈ క్రింది సంగతులు విచారింపవలెను.

మొదటిది, గుర్తింపు. దూరవిద్య, అంతర్జాల విద్యలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2020లో నియమావళి చేసినది. ఏ విశ్వవిద్యాలయము ఏ పాఠ్యక్రమమును ఏ సంవత్సరమున నడుపవచ్చునో ఆ సంఘమువారి దూరవిద్యా విభాగము జాబితా ప్రకటించును. విశ్వవిద్యాలయమునకు గుర్తింపు ఉన్నంత మాత్రమున చాలదు. తాను చేరదలచిన పాఠ్యక్రమమునకు, తాను చేరు సంవత్సరమునకు, తాను చేరు పద్ధతికి గుర్తింపు ఉన్నదా అని చూడవలెను. అట్టి గుర్తింపుగల పట్టము కళాశాలకు పోయి చదివిన పట్టముతో సమానమే.

రెండవది, నమోదు. 2024నుండి విద్యార్థి తానే ఆ విభాగమువారి జాలస్థలమున పేరు నమోదు చేసికొని ఒక సంఖ్య పొందిన పిదపనే చేరవలెనను నియమము వచ్చినది. ‘ఆ పనులన్నియు మేమే చూచుకొందుము, మీరు డబ్బు మాత్రము ఇండు’ అను మధ్యవర్తిని నమ్మరాదు. రుసుము విశ్వవిద్యాలయపు ఖాతాకే నేరుగా చెల్లించి రశీదు పొందవలెను. మూడేండ్ల డిగ్రీ చదివినవారికి ఆరు నెలలలో స్నాతకోత్తర పట్టము ఇప్పింతుమనువాడు నిస్సందేహముగా మోసగాడే.

మూడవది, ప్రయోజనము. ఈ పట్టము దేనికి పనికివచ్చును, దేనికి పనికిరాదు అని ముందే తెలిసికొనవలెను. పాఠశాలలో ఉపాధ్యాయ పదవికి అర్హత నిచ్చు శిక్షణకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు వేరుగా ఉండవలెను. మన రాష్ట్రమున పూర్వప్రాథమిక విద్యలో రెండేండ్ల డిప్లొమాకు డీసెట్ అను ప్రవేశపరీక్ష ద్వారా అభ్యర్థులను చేర్చుకొందురు. అది కళాశాలకు పోయి చదువవలసినది. శిశువిద్యలో స్నాతకోత్తర పట్టము ఎంత గొప్పదైనను ఆ డిప్లొమాకు బదులు కాజాలదు.

ఈ మూడవ విషయమును తేలికగా తీసికొనరాదు. 2017లో, పనిలోనుండియు శిక్షణ లేని ఉపాధ్యాయుల కొరకు జాతీయ సార్వత్రిక పాఠశాలా సంస్థ ‘స్వయం’ ద్వారా పదునెనిమిది నెలల డిప్లొమాను నడిపినది. దేశమంతట పదమూడు లక్షలకు పైబడి ఉపాధ్యాయులు అందు చేరిరి. కాని క్రొత్త నియామకములకు అది రెండేండ్ల డిప్లొమాతో సమానము కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2017 ఆగస్టు 10వ తేదీనాటికి పనిలోనున్నవారికి మాత్రము అది చెల్లునని పిమ్మట స్పష్టమైనది. చదివినవారి శ్రమ అబద్ధము కాదు. ఇచ్చిన సంస్థ ప్రభుత్వ సంస్థయే. అయినను ఏ ప్రయోజనమునకు ఏ పత్రము చెల్లునో అను ప్రశ్న అనేకులను సంవత్సరముల తరబడి న్యాయస్థానముల చుట్టు త్రిప్పినది.

నాలుగవది, విదేశపు పట్టము. మోర్తాడు, బాల్కొండ ప్రాంతములనుండి గల్ఫునకు, అమెరికాకు పోయిన కుటుంబములలోని స్త్రీలు అచ్చటి విశ్వవిద్యాలయములలో ఇట్టి చదువు చదువగోరవచ్చును. ఆ దేశమున పనిచేయుటకు అది ఉపకరించును. కాని మరలివచ్చి ఇచ్చట వినియోగించుకొనదలచినచో సమానతా ధ్రువపత్రము అవసరము. అంతర్జాలము ద్వారా పొందిన విదేశపు పట్టము విషయమున ఈ సంగతిని చేరకమునుపే విచారించుట క్షేమము.

ఐదవది, భాష. పాఠములు ఏ భాషలో ఉండును, పరీక్ష తెలుగులో వ్రాయవచ్చునా అని అడుగవలెను. తెలుగున చదివినవారు ఆంగ్లపాఠములకు భయపడి మధ్యలో ఆగిపోవుట కలదు.

పట్టము చేయగలది, చేయలేనిది

చదివినంతనే వేతనము పెరుగునను ఆశ కల్పించుట న్యాయము కాదు. మన రాష్ట్రమున అంగన్‌వాడి ఉపాధ్యాయిని గౌరవవేతనము 2021లో నెలకు 13,650 రూపాయలుగా నిర్ణయింపబడినది. అందరికి నొకటే, పట్టమునుబట్టి మారునది కాదు. కాని పర్యవేక్షకురాలి పదవులలో సగమును ఐదేండ్ల అనుభవముగల అంగన్‌వాడి ఉపాధ్యాయినులతో, తక్కిన అర్హతలకు లోబడి, నింపవలెనని కేంద్రపు మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ అర్హతలను సంపాదించుటలో చదువు తోడ్పడును.

పట్టముయొక్క నిజమైన ఫలము గదిలో కనబడవలెను. శిక్షణ లేనిచోట మూడేండ్ల బిడ్డచేత ఏ, బి, సి, డి లు దిద్దింతురు. తల్లిదండ్రులకు అదియే చదువుగా తోచును. ఆ వయస్సున బిడ్డ వ్రేళ్లు బలపము పట్టుటకు సిద్ధముగా నుండవని శిశువిద్య చదివిన ఉపాధ్యాయినికి తెలియును. ఆమె మట్టి ముద్దలు చేయించును. చింతగింజలను ఏరి కుప్పలు పెట్టించును. ఓమనగుంటలలో గింజలు వేయుచు లెక్క నేర్పును. బతుకమ్మ నాళ్లలో తంగేడు, గునుగు పూలను రంగులవారీగా వరుస పెట్టించును. ఆ వరుసలో గణితమున్నది, పాటలో భాషయున్నది. వీటికి బజారునుండి కొనవలసినది ఏమియు లేదు. ఎందుకు చేయించుచున్నానో తల్లికి వివరించి చెప్పగల నేర్పు మాత్రము చదువువలన రావలెను.

ఇంకొక హెచ్చరిక. తెరమీది పాఠము ఉపాధ్యాయిని కొరకే. పసిబిడ్డ కొరకు కాదు. మూడేండ్ల బిడ్డకు ఫోను చేతికిచ్చి అదియే చదువనుట పొరపాటు. ఆమె రాత్రి తెరమీద నేర్చినది ఉదయము నేలమీద పిల్లలతో ఆడించి చూడవలెను. మంచి పాఠ్యక్రమములన్నిటను క్షేత్రకార్యము తప్పనిసరి. ఒక బిడ్డను కొన్ని వారములు గమనించి వ్రాయవలెను. ఆటల ప్రణాళిక సిద్ధము చేయవలెను. అట్టి అభ్యాసము లేని పట్టము ఈత పుస్తకము చదివి చెరువులో దిగుట వంటిది.

చదువుతోపాటు సమయము కూడ కావలెను. తమిళనాడులో నాలుగు జిల్లాలందలి 320 అంగన్‌వాడి కేంద్రములను తీసికొని ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశీలన చేసిరి. కొన్ని కేంద్రములలో శిశువిద్య కొరకు సగము దినము పనిచేయు సహాయకురాలిని అదనముగా నియమింపగా బోధనా సమయము రెట్టింపయ్యెను. పిల్లల లెక్కలు, భాష స్పష్టముగా మెరుగుపడెను. ఆ సహాయకురాండ్రు పెద్ద పట్టములు గలవారు కారు. వారికి చెప్పుటకు తీరిక ఉన్నది. కావున ఉపాధ్యాయినిచేత పట్టము చదివించి, ఆమె దినమంతయు లెక్కలు వ్రాయుటకే వినియోగించినచో గ్రామమునకు లాభము లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24వ తేదీన అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు ఉద్దేశించిన 29 విషయములలో ప్రాథమిక విద్యయు, స్త్రీ శిశు సంక్షేమమును కలవు. కావున ఇది మనకు సంబంధించని పని కాదు. డబ్బు లేకయే చేయదగినవి అనేకము.

ముందుగా, ఊరిలో శిశువిద్య చదువగోరు వారెవరో తెలిసికొనవలెను. అంగన్‌వాడి ఉపాధ్యాయినియే కానక్కరలేదు. ఇంటర్మీడియెటు చదివి బీడీల చాట ముందు కూర్చున్న కోడలు కావచ్చును, భర్త దుబాయిలో నుండగా అత్తవారింట నున్న పట్టభద్రురాలు కావచ్చును. వారి చదువు వివరములు ఒక పుస్తకమున వ్రాసి యుంచుట మంచిది.

రెండవది, గుర్తింపు విచారణ. పంచాయతీ కార్యదర్శియో, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడో ఒక గంట కూర్చుండి యు.జి.సి. జాబితాను ఆమెతో కలసి చూచినయెడల వేలకొలది రూపాయల నష్టము తప్పును.

మూడవది, చోటు. ఇంటిలో ఫోను ఒకటే, సందడి ఎక్కువ. పంచాయతీ కార్యాలయములోగాని, గ్రంథాలయములోగాని, అంతర్జాలము అందు గదిని సాయంకాలము రెండు గంటలు తెరచి, దీపము, కుర్చీ ఇచ్చినయెడల ఇద్దరు ముగ్గురు స్త్రీలు కలసి చదువుకొందురు. జంటగా చదువువారు మధ్యలో మానుట అరుదు.

నాలుగవది, సమయము. అంగన్‌వాడి ఉపాధ్యాయినికి సంబంధము లేని సర్వేలు, సభల ఏర్పాట్లు అప్పగింపకుండ చూడవలెను. పరీక్షల వారమున కేంద్రము మూతపడకుండ పర్యవేక్షకురాలితో ముందే మాటాడి ఏర్పాటు చేసికొనవలెను. పిల్లల భోజనము ఆగరాదు. ఆమె పరీక్షయు ఆగరాదు.

ఐదవది, రుసుము. సంవత్సరముల రుసుమంతయు ఒక్కసారి కట్టక సెమిస్టరువారీగా కట్టుట మేలు. మహిళా పొదుపు సంఘము ఋణము ఇచ్చు పనులలో చదువును కూడ చేర్చవచ్చును. గల్ఫునుండి ఊరి గుడికి, బడికి చందాలు పంపు యువకులు ఒక ఉపాధ్యాయిని చదువునకు కూడ సంతోషముగా తోడ్పడుదురని మా నమ్మకము.

ఆరవది, తల్లుల సభ. అంగన్‌వాడులలో నెలకొకసారి శిశువిద్యా దినము జరుపు ఆచారము కలదు. సర్పంచియు, వార్డు సభ్యులును ఆ దినమున అరగంట అచ్చట కూర్చుండవలెను. ఉపాధ్యాయిని తాను నేర్చినది తల్లులకు చూపును. చింతగింజల కుప్పలలో లెక్క ఎట్లున్నదో సభ్యులకును తెలియును. అప్పుడు బస్సెక్కించి పట్టణపు నర్సరీకి పంపు తల్లిదండ్రులలో కొందరైనను మరల ఆలోచింతురు.

మోర్తాడునకు సమీపముననే గోదావరిమీద పోచంపాడు ప్రాజెక్టునకు 1963లో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. కాలువ త్రవ్విన నాడే నీరు పారలేదు; పంట చేతికి రాలేదు. ఏండ్లు పట్టినది. ఒక ఉపాధ్యాయిని చదువు కూడ అట్టిదే. నేడు మూడేండ్ల బిడ్డ పదవ తరగతికి వచ్చుటకు ఇంకను పండ్రెండు సంవత్సరములు కలవు. ఆ బిడ్డకు నేడు కథ చెప్పవలసిన స్త్రీ ఈ రాత్రి చదువుకొనుటకు ఒక గదియు, ఒక దీపమును కోరుచున్నది. రాబోవు పంచాయతీ సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చవలెనని సభ్యులను కోరుచున్నాము.